మగ్గానికి ఒక్కరే

"నాడె యాడ పెట్టినావో సెప్పు."

మల్లేశ్వరి అడగడం ఇది నాలుగోసారి. ఆమె భర్త ఈరన్న గోడకు ఆనుకుని కూర్చుని, మడత పెట్టిన దుప్పటిని నడుము వెనక సర్దుకున్నాడు.

పేక పోగును అటూ ఇటూ మోసే నాడె లేక సోమవారం మధ్యాహ్నం నుంచి మగ్గం ఆగింది. ఇవాళ బుధవారం. ఎమ్మిగనూరులో ఆ వీధిలో ఒక మగ్గం ఆగితే అటు మూడిళ్ళకు, ఇటు మూడిళ్ళకు తెలుస్తుంది. చావుకు ఆగుతుంది, పెళ్ళికి ఆగుతుంది, అమావాస్యకు ఆగుతుంది. ఈసారి ఈ మూడింటిలో ఏదీ కాదని వీధికి తెలుసు.

"నువ్వు దాచిపెడితే నేను నెయ్యలేననుకున్యావా? పక్కింట్లో అడిగి తెచ్చుకోలేనా?"

"పోయి తెచ్చుకో. వద్దన్నెదెవరు?"

ఆమె కదల్లేదు. అడిగితే మీ నాడె ఏమైందని వాళ్ళు అడుగుతారు. మొగుడు దాచిపెట్టినాడని చెప్పాలి. ఆ మాట ఆమె చెప్పదని ఈరన్నకు తెలుసు.

మూలన రాట్నం ముందు కూర్చున్న బసమ్మ నాడెలో పెట్టే పోగును కండె మీద కండె చుడుతూనే ఉంది. ఆమెకు డెబ్బై దాటింది. కొడుకూ కోడలూ కొట్లాడినా, మాట్లాడుకోకపోయినా ఆమె రాట్నం ఆగదు.

"గంప నిండిపాయ," అంది బసమ్మ. "ఇంగ ఈ కండెలు నా నెత్తిన పెట్టుకోవాల్నా?"

మల్లేశ్వరి అలమర మీద నుంచి కాగితం తీసి ఈరన్న ముందు పెట్టింది. నిన్నటి నుంచి అది అలమరకూ నేలకూ మధ్య తిరుగుతోంది. దాని మీద నాలుగు వాక్యాలున్నాయి. ఈ ఇంట్లో మగ్గం నేస్తున్నది నా భార్య మల్లేశ్వరి అని, నడుము జబ్బు వల్ల నేను నాలుగేళ్ళుగా నేయడం లేదని. కింద సంతకానికి చోటు.

"పదకొండు గంటలకు విచారణకు ఆఫీసాయప్ప వస్తాడు," అంది. "వచ్చినంక రాసిస్తే బలవంతంగా రాయించుకున్యారంటారు. ఇప్పుడే పెట్టు."

"నాలుగేండ్లుగా మగ్గం ముట్టలేదని నా చేత్తో నేనే రాసియ్యాల్నా?"

"అబద్ధమా?"

"నిజమైనయన్నీ కాగితం మీద పెడతామా?"

ఆదోనిలో ఆడపిల్లలకు నేత నేర్పే కేంద్రం కొత్తగా తెరుస్తున్నారు. నేర్పేవాళ్ళ కోసం పరీక్ష పెట్టారు. పదకొండు మంది మగ్గం మీద కూర్చున్నారు. అందులో తొమ్మిది మంది మగవాళ్ళు. జాబితాలో మల్లేశ్వరి పేరు మొదట వచ్చింది. తర్వాత చేనేత గుర్తింపు కార్డు చూపించమన్నారు. కార్డులో ఈరన్న పేరు పక్కన వీవర్ అని ఉంది. ఆమె పేరు పక్కన అలైడ్ వర్కర్ అని ఉంది. నేర్పే ఉద్యోగం వీవర్ కార్డు ఉన్నవాళ్ళకే. ఇంటికి వచ్చి విచారణ చేసి, అవసరమైతే కార్డు మారుస్తామని ఆఫీసువాళ్ళు చెప్పారు. ఒక మగ్గానికి ఒక వీవరే. ఆమె ఎక్కితే ఆయన దిగాలి.

"కార్డు పోతే సొసైటీలో సభ్యత్వం పోతాది," అన్నాడు ఈరన్న. "నేసేటోడే డైరెక్టరు. డైరెక్టరు గాకుంటే నా వైస్ ప్రెసిడెంటు పదవి యాడ నిలుస్తాది?"

"వైస్ ప్రెసిడెంటు అంటే ప్రెసిడెంటు పక్కన కుర్చీ యేసుకోని తల ఊపేటోడని నువ్వే గదా అంటివి."

"ప్రెసిడెంటు ఉరుకుందప్ప ఊర్లో ల్యాకుంటే సంతకం నాదే."

"ఆరేండ్లల్లో ఎన్ని తూర్లు ఊర్లో ల్యాడు?"

ఈరన్న వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. "రెండు తూర్లు," అన్నాడు చివరికి.

బసమ్మ రాట్నం వెనక నుంచి దగ్గింది. అది దగ్గో నవ్వో ఎవరూ అడగలేదు.

"వచ్చే ఎలచ్చన్లో ఉరుకుందప్ప నిలబడడు. నా వంతు వస్తాది. ఆరేండ్లు ఎందుకు కాసుకోనుండా? నువ్వు పోయి ఆదోనిలో పిల్లోల్లకు నేత నేర్పిస్తే, ఈడ నన్నేమని పిలుస్తారు? టీచరమ్మ మొగుడనా?"

"ఈరన్న పెండ్లామని నన్ను ఇరవై ఆరేండ్లు పిలిచినారు. నాకేమైనా రోగమొచ్చిందా?"

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. కాగితం నేల మీదే ఉంది.

కూతురు ప్రేమలత వసారాలో జడ వేసుకుంటూ నోట్సు చదువుతోంది. డిగ్రీ అయి ఏడాదైంది. ఆదోనిలో బ్యాంకు పరీక్షల కోచింగుకు రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. ఇవాళ వెళ్ళనని పొద్దున్నే చెప్పింది. మధ్యాహ్నం అక్కడ పరీక్ష ఉంది గదా అని తల్లి అన్నా వినలేదు. ఈ వారం పాఠం, తక్కువ స్థాయిని చెప్పే ఇంగ్లీషు మాటలు. ఆమె వాటిని పైకి చదివి అప్పజెప్పుకుంటోంది.

"సబార్డినేట్. సెకండరీ. యాన్సిలరీ. ఆగ్జిలరీ. సబ్సిడియరీ. మైనర్. ఇన్ఫీరియర్."

మల్లేశ్వరి గడప దగ్గర నిలబడి విన్నది. "అన్నిటికీ ఒగటే అర్థమా?"

"దగ్గర దగ్గర ఒగటేమా. కింద ఉండేది, అంత ముఖ్యం గానిది."

"కింద అనేదానికి ఇన్ని మాటలెందుకే వాళ్ళకు?"

"ఒక్కొక్క ఆఫీసులో ఒక్కొక్కటి వాడతారు."

"మా కాలంలో ఒక్క మాటతోనే సరిపాయ," అంది బసమ్మ లోపల నుంచి. "కోడలు అంటుంటిరి."

ప్రేమలత నవ్వింది. మల్లేశ్వరి నవ్వలేదు.

"అలైడ్ ఉందా అందులో?"

"ల్యాదమ్మా. ఆ మాట మర్యాదైందే. తోడుండేటోళ్ళు అని."

"మర్యాదైంది గాబట్టే అప్పుడు నాకు తెలియకపాయ."

ఆ సంగతి ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. నాలుగేళ్ళ క్రితం చేనేతవాళ్ళ లెక్కలు రాసుకునే ఆమె ట్యాబు పట్టుకుని వచ్చినప్పుడు ఈరన్న మంచం మీద ఉన్నాడు. మల్లేశ్వరి మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తోంది. నేత ఎవరిదని ఆమె అడిగింది. మల్లేశ్వరి నాడె ఆపకుండానే, ఆయనది అని చెప్పింది. మరి మీరేం చేస్తారంటే, నేను సాయం చేస్తానంది. ట్యాబులో వీవర్, అలైడ్ వర్కర్ అని రెండు గడులు ఉన్నాయి. వచ్చినామె రెండో గడి నొక్కింది. ఫొటోకు ఈరన్న లేచి వచ్చి మగ్గం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

అది తప్పని మల్లేశ్వరికి అప్పుడు తోచలేదు. ఆ వీధిలో ఏ ఆడమనిషీ నేను నేస్తానని చెప్పదు. కండెలు చుడతాను, పోగులు అతుకుతాను, ఊరికే కూర్చుంటాను అంటుంది. మొగుడు బతికుండగా నేత నాదని చెప్పడం, మొగుడు లేడని చెప్పడం లాంటిది.

పదిన్నరకు ఈరన్న లేచాడు. గోడ పట్టుకుని రెండు విడతలుగా లేచాడు. లోపలికి వెళ్ళి సొసైటీ కాగితాలు పెట్టుకునే సంచి తెచ్చాడు. దాని అడుగు నుంచి నాడె తీశాడు.

మల్లేశ్వరి చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. గంపలోంచి ఒక కండె తీసి నాడెలో పెట్టుకున్నాడు. పోగు కొసను నోటితో పీల్చి రంధ్రంలోంచి బయటకు లాగాడు. మగ్గం దగ్గరికి వెళ్ళి, పలక మీద కూర్చుని, కాళ్ళు ఒకటొకటిగా చేత్తో ఎత్తి గుంటలో పెట్టుకున్నాడు.

"ఏం జేస్తాండావు?"

"నా మగ్గం. నేను నేస్తాండా."

"నడుము పట్టేస్తాది."

"పట్టెయ్యనీ."

"అది పట్టు చీర. ఇంగ నేసేది మూడు మూరలు కూడా మిగల్లేదు. పోగు తెగితే యాడ తెస్తావు?"

"నువ్వు పుట్టకముందు నేర్చుకున్యా నేను నేత."

"నాకంటే నాలుగేండ్లు పెద్ద నువ్వు. నాలుగేండ్లకే నేర్చుకున్యావా?"

"మే మల్లీ," అంది బసమ్మ. "నోరు మూసుకో. బండి సప్పుడు."

ఇస్సాకు చేనేత ఆఫీసులో అసిస్టెంట్ డెవలప్‌మెంట్ ఆఫీసరు. గడప బయట చెప్పులు విడిచి, ఫైలు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. కుర్చీ మగ్గానికి ఎదురుగా వేయించుకున్నాడు.

"వైస్ ప్రెసిడెంటు గారే మగ్గం మీద ఉన్నారే," అన్నాడు.

"మనకు పని ఇదే గదా సార్," అన్నాడు ఈరన్న.

ఇస్సాకు ఫైలు తెరిచాడు. "ఈ ఇంట్లో వీవర్ ఎవరు?"

"సూస్తాండారు గదా సార్."

"నేను సార్," అంది మల్లేశ్వరి.

ఆ మాట ఆమె నోటి నుంచి పైకి రావడం అదే మొదటిసారి. రాట్నం ఆగింది. బసమ్మ కోడలి వైపు చూసి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

"ఇద్దరూ నేనంటే నేనంటే ఎట్లమ్మా? ఈడ ఒకటే గడి ఉంది." ఇస్సాకు కాగితం తిప్పి చూపించాడు. "భర్త రాసిచ్చే కాగితం ఉందా?"

సంతకం లేని కాగితం గోడ పక్కన నేల మీద ఉంది. ఇస్సాకు దాన్ని చూశాడు. చదవలేదు.

"సరే. నెయ్యండి ఈరన్నా. చూస్తాను."

ఈరన్న తాడు గుంజాడు. నాడె కుడి నుంచి ఎడమకు వెళ్ళింది. పోగు దగ్గరికి చేరేలా అచ్చు కొట్టాడు. తొక్కుడు కర్ర మార్చాడు. నాడె వెనక్కి వచ్చింది. చెయ్యి మర్చిపోలేదు. పది పేకలు, పదిహేను పేకలు సరిగ్గా పడ్డాయి. మల్లేశ్వరి లెక్కపెడుతోంది. ఆ చెయ్యి దగ్గరే ఆమె ఈ పని నేర్చుకుంది. పెళ్ళయిన మొదటి ఏడాది అదే గుంట పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. ఆయన నేర్పలేదు. చూడొద్దని కూడా అనలేదు.

ఇరవై దాటాక ఎడమ కాలు ఆలస్యంగా పడింది. ఈరన్న మెడ మీద చెమట కనిపించింది. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. కర్ర పూర్తిగా దిగకముందే తాడు గుంజాడు. నాడె నిలువు పోగుల పడుగులో తగిలి, ఒరిగి, అవతలికి పోయింది.

ఎడమ అంచు దగ్గర మూడు పోగులు తెగాయి.

ఈరన్నకు కనపడలేదు. మళ్ళీ గుంజాడు. ఇంకో పోగు తెగింది. తెగిన కొసలు పక్క పోగులకు చుట్టుకుంటే ఇంకా తెగుతాయి. ఇంకో నాలుగు పేకలు పడితే అక్కడ బట్టలో సందులు తేలి జాలు పడుతుంది. జాలు పడిన చీరను ఎవరూ తీసుకోరు. విప్పి మళ్ళీ నేయడానికి పట్టు ఆగదు.

మల్లేశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది. ప్రేమలత ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా. ముట్టుకోవాకు," అంది చెవిలో. "తెగనీ. ఆయప్ప సూడనీ."

మల్లేశ్వరి ఆగింది. నాడె మళ్ళీ వెళ్ళింది. ఐదో పోగు తెగడం ఆమెకు వినిపించింది. ఇంకెవరికీ వినిపించలేదు.

ఆమె చెయ్యి విడిపించుకుంది. మగ్గం పక్కన వంగి, ఎడమ చేత్తో అచ్చు ఆపింది. వేళ్ళు నాలుకకు తడి చేసుకుంది. తెగిన కొసను వెతికి పట్టి, మెలిపెట్టి అతికి, అచ్చులోంచి లాగింది. ఒకటి. రెండు. మూడు. ఈరన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగో పోగు అతుకుతుండగా ఆమెకు కాగితం మీద పెన్ను చప్పుడు వినిపించింది.

ఐదో పోగు కూడా అతికి, అప్పుడు తలెత్తింది.

"ఏం రాస్తాండారు సార్?"

"చూసింది రాస్తున్నానమ్మా. భర్త నేస్తాడు, భార్య అసిస్ట్ చేస్తుంది."

"ఇప్పుడు నేను కూసుంటా. సూడండి. ఆ అంచు యెట్లొస్తాదో సూడండి."

"మీరు నేస్తారని నాకు తెలుసు. పరీక్షలో మొదట వచ్చినారు గదా. ఏ ఇంటికి పోయినా ఆడవాళ్ళు నేస్తారు. అసలు మనిషి ఎవరని అడిగేది. ఆయన కూర్చున్నాడు, నేసినాడు. పోగు తెగితే మీరు అతికినారు. నేనింకేం రాయాల?"

"నాయిన నాలుగేండ్లుగా ఆ గుంటలో కూసోలేదు సార్," అంది ప్రేమలత. "ఈ పొద్దు మీరొస్తారని కూసున్యాడు."

"ఇంటి మాట గదమ్మా అది. రాసిచ్చినారా?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఈరన్న పడుగు వైపు చూస్తున్నాడు.

ఇస్సాకు పెన్ను మూత పెట్టాడు. గొంతు తగ్గించాడు. "అసిస్టెంటు అంటే ఎందుకమ్మా అంత బాధ? నేను పంతొమ్మిదేండ్లుగా అసిస్టెంటే. దాంతో నాకేమైనా తక్కువైందా?"

"తక్కువ గాకుంటే పంతొమ్మిదేండ్లని లెక్క పెట్టుకున్యారెందుకు సార్?"

ఇస్సాకు కాగితం మగ్గం మీదుగా ఈరన్నకు అందించాడు. పైన చెప్పినవి నిజమని వీవర్ సంతకం చెయ్యాలి. ఈరన్న పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. రెండు రోజులుగా పెట్టని సంతకం ఒక నిమిషంలో పెట్టాడు. తేదీ కూడా వేశాడు.

"వస్తాను," అన్నాడు ఇస్సాకు. ఈరన్న గుంటలోంచే దండం పెట్టాడు.

ఆయన బయటికి వెళ్ళాడు. ప్రేమలత నోట్సు మూసి కిటికీలో పెట్టింది. బసమ్మ రాట్నం వదిలేసి కాళ్ళు చాపుకుంది.

"పోగును సూస్తే నీ చెయ్యి ఆగదని వానికి తెలుసు," అంది కోడలితో. "నాకూ తెలుసు. నాదీ ఆగదు."

"నేనేం తెంపల్యా," అన్నాడు ఈరన్న. "తెగినాయి."

"తెగినాయి," అంది మల్లేశ్వరి.

ఆదోని జాబితాలో రెండో పేరు ఎవరిదో ఆమెకు తెలుసు. సాయంత్రంలోగా ఇస్సాకు కాగితం ఆఫీసుకు చేరుతుంది. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఆ రెండో మనిషిది.

ఈరన్న రెండు చేతులూ గుంట అంచు మీద ఆనించాడు. లేవబోయాడు. సగంలో ఆగి మళ్ళీ కూలబడ్డాడు. కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి పలక మీద నుంచి కూడా లేవలేదు.

"మల్లీ," అన్నాడు. "పట్టేసింది. చెయ్యియ్యి."

రోజూ పొద్దున ఆయన్ను మంచం మీద నుంచి లేపేది ఆమే. చంకల కింద చేతులు వేసి, మోకాలు ఆనించి లేపుతుంది. నడుముకు పట్టీ బిగిస్తుంది. చొక్కా దాని మీద కప్పుతుంది. ఆ తర్వాత ఆయన సొసైటీకి నిటారుగా నడిచి వెళతాడు. ఈరన్నకు కొంచెం నడుము నొప్పి అని వీధి అనుకుంటుంది. ఆమె లేపనిదే ఆయన మంచం దిగలేడన్న సంగతి ఒక్కటే నాలుగేళ్ళుగా ఆ ఇంటి గడప దాటలేదు.

ప్రేమలత తండ్రి వైపు అడుగు వేసింది.

"నువ్వు నిలబడు," అంది మల్లేశ్వరి.

"అమ్మా..."

"నిలబడమన్యా గదా."

"ఏమే, ఇనపళ్యాదా?" అన్నాడు ఈరన్న. "కాళ్ళు తిమ్మిర్లెక్కినాయి. కోపముంటే తరువాత సూపించుకో. ముందు లేపు."

బయట ఇస్సాకు ఎదురింటాయనతో ఏదో మాట్లాడుతున్నాడు. బండి స్టార్ట్ అయింది.

మల్లేశ్వరి కొంగు నడుముకు చుట్టి దోపింది. ఈరన్న చెయ్యి పైకి చాచాడు. ఆమె ఆ చెయ్యి పక్క నుంచి దాటి వాకిలి వైపు నడిచింది.

"యాడికి పోతాండావు?"

ఆమె గడప దాటింది.

"మల్లీ. వద్దే. వద్దు."

ఆ గొంతు ఆమె విన్నది. ఇరవై ఆరేళ్ళలో ఆయన వద్దు అని రెండుసార్లు అనడం ఎప్పుడూ వినలేదు. ఇస్సాకు బండి మలుపు తిప్పుతున్నాడు. ఎదురింటాయన అరుగు మీద నిలబడి ఉన్నాడు. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు వాకిట్లోకి వచ్చారు.

"సార్," అని పిలిచింది.

ఇస్సాకు కాలు నేలకు ఆనించాడు. "మళ్ళీ ఏందమ్మా?"

"ఇంగొకటి సూసేది ఉంది."

"రాసేసినాను గదమ్మా. సంతకం కూడా అయిపోయింది."

"రాసినోళ్ళు కొట్టేయను గూడా కొట్టేయచ్చు." వీధి అంతా వింటోందని తెలిసే చెప్పింది. "మీ వీవరు గుంటలోంచి లేచేది సూసి పోండి."

ఇస్సాకు ఆమె వైపు చూశాడు. తర్వాత ఇంటి వైపు చూశాడు. బండి ఆపి తాళం తీశాడు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. ఆయన వెనక ఎదురింటాయన అరుగు దిగాడు. పక్కింటి ఆడవాళ్ళు దగ్గరికి వచ్చారు.

ఆయన్ను లేపడానికి అందరికంటే ముందు వెళ్ళాల్సింది మల్లేశ్వరి. ఆమె వీధిలోనే నిలబడిపోయింది.